డీసెలు బండికి గాలి దోషము



పాత పెట్రోలు బండినుండి ఇంజను దింపి, దాని స్థానమున డీసెలు ఇంజను నెక్కించుట మన గోదావరి మండలములలో ఒకప్పుడు విరివిగా సాగిన పని. అంబాసిడరు కారు నిర్మాణము 2014లో నిలిచిపోయినను, అట్టి బండ్లు కొన్ని ఇంకను మన కాలువగట్లపై తిరుగుచునే యున్నవి. ముప్పది యేండ్లు వ్యాకరణము బోధించిన నాకు ఈ విషయమున ఆసక్తి కలిగించినది మా మేనల్లుని జీపు. ఇంజను మార్చిన మఱునాడు ఉదయమున అది ఎంత త్రిప్పినను అంటుకొనలేదు. అంటుకొన్న పిదప బ్రేకు రాయివలె బిగిసియుండెను. “మామయ్యా, దీనికి రెండు రోగములు పట్టినవి” అని అతడు వాపోయెను. పరీక్షింపగా రెంటికిని మూల మొక్కటియే. చొరరాని చోట గాలి చొచ్చినది.

ముందుగా ఇంధనము మాట. కాలువనుండి నీరు తోడు పంపును మన రైతు లందఱు నెఱుగుదురు. పీల్చు గొట్టమునకు సూదిబెజ్జ మున్నను పంపు తిరుగునే గాని నీరు రాదు. ఆ బెజ్జమునుండి నీరు బయటికి కాఱదు. గాలియే లోనికి పోవును. ట్యాంకునుండి ఫీడ్ పంపు వఱకు గల డీసెలు గొట్టమును అట్టిదే. పంపు దాటిన పిదప చిల్లి పడినచో డీసెలు కాఱి కంటబడును. పంపునకు ముందు చిల్లి పడినచో నేలపై చుక్కయైనను పడకపోవచ్చును. రాత్రి బండి నిలిచియుండగా ఆ సందున గాలి చేరి, డీసెలు వెనుకకు ట్యాంకులోనికి జాఱిపోవును. నాజిలు తెఱచుకొనుటకు నూఱు వాతావరణములకు మించిన పీడనము కావలయును. గాలి అణగునది గనుక, నడుమ బుడగ యున్నచో పంపు త్రోపంతయు దానిని అణచుటకే సరిపోవును.

దోషమెచ్చటనో కనుగొనుటకు మా తర్కశాస్త్రములోని అన్వయ వ్యతిరేకములే చాలును. ఒకటి యున్నచో ఫలము కలుగుట అన్వయము. అది లేనిచో కలుగకుండుట వ్యతిరేకము. శుభ్రమైన డబ్బాలో డీసెలు పోసి, ఇంజనుకంటె ఎత్తున నిలిపి, దానినుండి ఫీడ్ పంపునకు నేరుగా గొట్టము తగిలింపుడు. ఇంజను చక్కగా నడచినచో దోషము ట్యాంకు వైపుననే కలదు. నడువనిచో దోషము ఫీడ్ పంపునందో, అంతకు ముందుకో యుండును. గొట్టము నడుమ పారదర్శకమైన ముక్క నొకదానిని అతికించినచో బుడగలు కంటికే కనబడును. ట్యాంకు మూత వదలు చేయగానే ఇంజను కోలుకొన్నచో, మూతకు గల గాలిరంధ్రము పూడినదని యర్థము. ఇచ్చట మాత్రము గాలి రావలసియుండి రాకుండుటయే దోషము. కార్బురేటరు గల పాత బండ్లలో పెక్కింటికి ట్యాంకునకు తిరుగు గొట్టముండదు. నాజిళ్లలో మిగిలిన డీసెలు మఱలిపోవుటకు దానిని క్రొత్తగా అమర్పవలయును.

మా జీపున తప్పు పాత గొట్టపు క్లిప్పునందు దొరకినది. దానిని మార్చి, ఫిల్టరుపై మఱ వదలుచేసి, చేతిపంపును బుడగలు నిలుచు వఱకు నొక్కి, మఱ బిగించిరి. వర్షకాలమున ఫిల్టరు అడుగున చేరు నీటినిగూడ తీసివేయుచుండవలెను. నాజిలునుండి చిమ్ము డీసెలునకు మాత్రము చేయి అడ్డు పెట్టరాదు. అది చర్మమును దూసికొని పోగలదు.

ఇక బ్రేకు. పెట్రోలు ఇంజనులో గాలిత్రోవకు తలుపువంటి రేకు కలదు. అది మూసియుండగా పిస్టనులు పీల్చుటచే మానిఫోల్డున శూన్య మేర్పడును. మెకానిక్కులు వాక్యూమనునది ఇదియే. బ్రేకు బూస్టరుకు బల మిదియే. డీసెలు ఇంజనులో సాధారణముగా ఆ రేకు లేదు. గాలి స్వేచ్ఛగా వచ్చును, ఇంధనమే హెచ్చుతగ్గు లగుచుండును. పెట్రోలు బండి అలవాటు చొప్పున పనివారు బూస్టరు గొట్టమును మానిఫోల్డునకే తగిలించిరి. కాన శూన్యము లేదు, బ్రేకునకు సాయము లేదు. దీనికి వేఱుగా వాక్యూము పంపు కావలయును. పెక్కు బండ్లలో అది ఆల్టర్నేటరు వెనుక నుండును; దానికి ఇంజను నూనె అందుచుండవలెను.

పరీక్ష సులభము. ఇంజను ఆపి బ్రేకును అయిదాఱుమార్లు త్రొక్కుడు. పిదప కాలు నొక్కియుంచి ఇంజను నడపుడు. పెడలు కొంచెము క్రిందికి దిగినచో బూస్టరు పనిచేయుచున్నది. దిగనిచో గొట్టము పగిలినదేమో, పీల్పునకు నలగిపోవుచున్నదేమో, ఏకముఖపు వాల్వు తలక్రిందుగా నున్నదేమో చూడుడు. అవి సరిగా నున్నచో పంపునే పరీక్షింపవలయును.

మన డెల్టా సమతలము. గట్టిగా త్రొక్కినచో బిగిసిన బ్రేకుతోను బండి ఎట్లో నిలుచును. అందుచే ఈ దోషము చాలకాలము దాగియుండును. మారేడుమిల్లి కనుమ దిగునప్పుడు మాత్రము కాలి బలము చాలదు. కావున ఇంజను మార్చినవారు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి రవాణాధికారి అనుమతి పొంది, పైని చెప్పిన పరీక్ష ఇంటివద్దనే చేసికొని, పిదపనే పిల్లలను ఎక్కించుకొని కొండదారి పట్టవలయునని నా మనవి.