వద్దనే వీలులేని సంతకం

వికలాంగుల కోసం నడిచే డే కేర్ సెంటర్‌లోనో, హాస్టల్లోనో తమ మనిషిని చేర్చడానికి వచ్చిన కుటుంబం మొదటిరోజే చాలా అప్పజెప్పి వెళుతుంది. సదరం వైకల్య సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కోసం ఇచ్చే యూడీఐడీ కార్డు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, వీటన్నిటి జిరాక్సులు. ఆపైన డాక్టరు చీటీలు, ఐక్యూ పరీక్ష రిపోర్టు, వాడుతున్న మందుల వివరాలు. కాగితాలయ్యాక మాటల వంతు. మూర్ఛ ఎప్పుడెప్పుడు వస్తుంది, స్నానానికీ దొడ్డికీ ఎవరి సాయం కావాలి, నెలసరి రోజుల్లో ఎలా చూసుకుంటారు, కోపం వస్తే ఏం చేస్తారు, ఇంట్లో ఎవరంటే భయం, ఇంతకుముందు ఎవరైనా చెయ్యి వేశారా. ఇందులో చాలావరకు అడగక తప్పదు; తెలియకుండా సేవ చేయడం కుదరదు. కానీ వైకల్యం లేని పెద్ద మనుషులెవరూ తమ జీవితం గురించి ఇంతగా ఒకే బల్ల ముందు, ఒకే పూటలో, ముక్కూమొహం తెలియని వారికి చెప్పుకోరు. సాయం ఎంత ఎక్కువ కావాలో అంత ఎక్కువ విప్పి చెప్పుకోవాల్సి రావడం ఈ రంగం స్వభావం. అలా చెప్పుకున్నదంతా తర్వాత ఎక్కడికి పోతుంది, ఎవరి కంట పడుతుంది అని మన తెలుగు రాష్ట్రాల్లో గట్టిగా అడుగుతున్నవారు తక్కువ.

అడిగినా సంస్థల నుంచి సాధారణంగా వచ్చే జవాబు, ‘వాళ్ల దగ్గర సంతకం తీసుకున్నామండీ’ అని. ఆ సంతకం విలువ ఎంతో చూడాలి. ప్రత్యేక పాఠశాలలు, వసతి గృహాలు ఎక్కువగా నగరాల్లోనూ జిల్లా కేంద్రాల్లోనూ ఉన్నాయి. మారుమూల మండలం నుంచి రెండు బస్సులు మారి, పెద్దయిన కొడుకును పట్టుకుని వచ్చిన తల్లి ముందు ఫారం పెడితే ఆమె ఏ గడి దగ్గరా ఆగదు. ఆగితే సీటు పోతుందేమోనని భయం. ‘నా బిడ్డ ఫొటో మీ పత్రికలో వేయొద్దు’ అనే మాట ఆమె నోట రావాలంటే, అలా అన్నా చేర్చుకుంటారన్న నమ్మకం ముందు ఉండాలి. ఆ నమ్మకం లేని చోట సంతకం అవసరానికి సాక్ష్యమే తప్ప అంగీకారానికి కాదు. అందుకే గోప్యత భారమంతా సమాచారం ఇచ్చినవారి సంతకం మీద వేయడం అన్యాయమని నా వాదన. దాన్ని మోయాల్సింది ఆ సమాచారాన్ని దగ్గర ఉంచుకున్న సంస్థ. ఎంత తక్కువ అడిగింది, ఎంత తక్కువమందికి చూపింది, ఎప్పుడు చించేసింది అన్న లెక్కలు సంస్థే చెప్పాలి. ఒక్క వివరం ఇవ్వనంటే సేవ ఆగుతుందా, సాగుతుందా అని చూస్తే చాలు, అక్కడ తీసుకున్న సంతకాలకు అర్థముందో లేదో తెలుస్తుంది.

చట్టంలో ఈ హక్కుకు చోటు లేదనడానికి లేదు. వికలాంగుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికను భారత్ 2007లో ధ్రువీకరించింది. అందులోని 22వ అధికరణం వికలాంగుల వ్యక్తిగత, ఆరోగ్య, పునరావాస సమాచారాన్ని ఇతరులతో సమానంగా కాపాడాలని ప్రభుత్వాలకు చెబుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ మరింత దగ్గరికి వచ్చింది. మద్దతు అందించే వ్యక్తి ఎవరైనా సరే అనుచితమైన ఒత్తిడి తేకూడదని, ఎదుటి మనిషి స్వేచ్ఛనూ గౌరవాన్నీ గోప్యతనూ మన్నించాలని అందులో ఉంది. మానసిక అనారోగ్యానికి చికిత్స పొందుతున్నవారి ఫొటోగానీ వివరాలుగానీ వారి అంగీకారం లేకుండా మీడియాకు ఇవ్వరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శాసించింది. అదే ఏడాది ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఇన్ని ఉన్నా 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఒక విషయంలో వెనక్కి నడిచింది. శారీరక, మానసిక ఆరోగ్య వివరాలను 2011 నాటి ఐటీ నిబంధనలు సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. కొత్త చట్టంలో అలాంటి ప్రత్యేక వర్గం లేదు. ఆన్‌లైన్‌లో చీర కొన్నప్పుడు ఇచ్చే చిరునామా, ఒక మనిషి మేధో వైకల్యం గురించిన పరీక్ష రిపోర్టు ఆ చట్టం దృష్టిలో ఒకే కోవలోకి వస్తాయి. ఇది సరిదిద్దాల్సిన లోపమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సమాచారం బయటికి పొక్కితే ఏమవుతుందన్నది ఊహించుకోవాల్సిన పని లేదు. 2017 మే నెలలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నాలుగు ప్రభుత్వ పోర్టల్స్‌ను పరిశీలించి, వాటి ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు అందరికీ కనిపించేలా ఉండిపోయాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, మరొకటి చంద్రన్న బీమాది. మూడోది జాతీయ సామాజిక సహాయ కార్యక్రమానిది, అంటే కేంద్రం వృద్ధులకూ వితంతువులకూ వికలాంగులకూ పింఛన్లిచ్చే పథకం. దొంగలు తాళం పగలగొట్టి తీసుకున్న సమాచారం కాదిది. పారదర్శకత పేరుతో తలుపు తీసి ఉంచారు. ప్రజాధనం ఎవరికి అందుతోందో ప్రజలకు తెలియాలన్న వాదన సబబైనదే. బోగస్ సర్టిఫికెట్ల వల్ల నష్టపోయేది కూడా అసలైన వికలాంగులే. కానీ సామాజిక తనిఖీకి పేరు, ఊరు, అందిన మొత్తం సరిపోతాయి. ఖాతా నంబరు, ఏ రకం వైకల్యం, ఎంత శాతం అన్నవి నోటీసు బోర్డుకు ఎక్కించినందువల్ల ఒక్క బోగస్ లబ్ధిదారు కూడా అదనంగా దొరకడు.

చట్టం పకడ్బందీగా ఉన్న చోట కూడా ముప్పు తప్పలేదు. ఆస్ట్రేలియాలో వికలాంగుల జాతీయ బీమా పథకం, ఎన్‌డీఐఎస్, కింద సేవలందించే సంస్థలకు ప్రవర్తనా నియమావళి ఉంది, గోప్యతను గౌరవించడం అందులో ఒక నియమం. పర్యవేక్షణకు ప్రత్యేక కమిషన్ కూడా ఉంది. అయినా 2022 మేలో సీటార్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలోకి ఎవరో చొరబడి, అది నిర్వహిస్తున్న సమాచారంలో కొంత ఇంటర్నెట్ చీకటి మూలల్లో పెట్టారు. అనేక సేవాసంస్థలు తమ క్లయింట్ల రికార్డులను ఆ ఒక్క కంపెనీ వ్యవస్థలోనే ఉంచుకునేవి. సేవ పొందేవారికి ఆ కంపెనీతో నేరుగా ఏ సంబంధమూ లేదు. వారు నమ్మింది తమ సంస్థను. కాబట్టి ఫైళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాం, ఇక భద్రమే అనుకునే మన సంస్థలు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. అది ఎవరి కంప్యూటర్? మొదట్లో అడగకుండా ఉన్న వివరం ఏ చొరబాటులోనూ పోదు. తక్కువ సేకరించడం కంటే గట్టి తాళం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

అయితే జిల్లా స్థాయిలో నడిచే మన చిన్న సంస్థలకు హ్యాకర్లకంటే దగ్గరి ముప్పు సిబ్బంది ఫోన్లలో ఉంది. డ్యూటీ మారేటప్పుడు విషయాలు చెప్పుకోవడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఎవరికి విరేచనాలయ్యాయో, ఎవరు బట్టలు విప్పేసుకున్నారో, ఎవరి ప్రిస్క్రిప్షన్ మారిందో పేర్లతో, కొన్నిసార్లు ఫొటోలతో వెళ్తుంటాయి. ఉద్యోగం మానేసిన ఆయా ఫోన్‌లో అవి అలాగే ఉంటాయి. ఇంట్లో పిల్లలు చూసుకునే ఫోన్ కూడా అదే. ఇక దాతల విషయం. పుట్టినరోజుకో, పెద్దల వర్ధంతికో భోజనాలు పెట్టించిన వారికి సంస్థ ఫొటోలు పంపుతుంది, వారు ఫేస్‌బుక్‌లో పెడతారు. ట్రైసైకిళ్లు, వినికిడి యంత్రాలు పంచే శిబిరాల్లో నాయకుల పక్కన నిలబడిన వారి ముఖాలు మర్నాడు జిల్లా పేజీలో, పేరూ ఊరితో సహా వస్తాయి. దాతలు లేకపోతే సంస్థే లేదు, వారికి నమ్మకం కలిగించాలంటే ఏదో ఒకటి చూపించక తప్పదు అని నిర్వాహకులు అంటారు. వారి ఇబ్బంది నిజమైనది. కానీ దాతకు కావలసింది డబ్బు సక్రమంగా ఖర్చయిందన్న భరోసా. దానికి ఆడిట్ చేసిన లెక్కలు, వంటగది, పరికరాలు, ఎంతమందికి ఏ సేవ అందిందన్న వివరం చాలు. అన్నం తింటున్న ఓ పాతికేళ్ల మనిషి ముఖం రసీదు స్థానంలో ఉండకూడదు.

ఇలాంటి బహిర్గతం వల్ల నిజంగా నష్టమేంటని తేలిగ్గా తీసేసేవారున్నారు. ‘వైకల్యం అందరికీ కనపడేదే కదా, దాచడానికేముంది?’ అంటారు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో కంటికి కనపడనివి చాలా ఉన్నాయి. మానసిక అనారోగ్యం, సికిల్ సెల్, హీమోఫీలియా, తలసీమియా, నేర్చుకోవడంలో ఇబ్బందులు అన్నీ అందులో ఉన్నాయి. అన్నకు స్కిజోఫ్రీనియా అని తెలిస్తే చెల్లెలి సంబంధం తప్పిపోయే సమాజం మనది. యజమానికి తెలిస్తే ఉద్యోగం, ఇంటివారికి తెలిస్తే అద్దె ఇల్లు పోవచ్చు. నడవలేని మనిషి నడవలేదని వీధిలో అందరికీ తెలుసు, సరే. ఆ మనిషికి రాత్రిళ్లు డైపర్ వేస్తారని వీధికి తెలియాల్సిన అవసరం ఏముంది? 2024 అక్టోబరులో సవరించిన నిబంధనలతో యూడీఐడీ కార్డులకు వైకల్య తీవ్రతను బట్టి తెలుపు, పసుపు, నీలం రంగులు వచ్చాయి. కౌంటరు దగ్గర గుమస్తాకు పని సులువవుతుంది. వరుసలో వెనక నిలబడ్డవారికి కూడా తీవ్రత దూరం నుంచే తెలిసిపోతుంది. ఆ రంగులు నిర్ణయించేటప్పుడు ఈ రెండో సంగతికి తగిన విలువ ఇచ్చారని నాకు అనిపించదు.

గోప్యత పేరుతో సమాచారం బిగబడితే ప్రాణాల మీదికి రావచ్చన్న అభ్యంతరం బరువైనది. రాత్రి మూర్ఛ వచ్చిన అమ్మాయికి ఏ మందు పడదో నైట్ డ్యూటీ అటెండెంటుకు తెలియకపోతే ఘోరం జరుగుతుంది. దీనికి జవాబు ఫైలును విడగొట్టడంలో ఉంది. అటెండెంటుకు ఒక్క పేజీ చాలు: మూర్ఛ గుర్తులు, మందుల వేళలు, పడని ఆహారం, ఈ మనిషి అవునన్నది, కాదన్నది ఎలా తెలుపుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి. ఆధార్ నంబరు, తల్లిదండ్రుల ఆస్తి తగాదా, చిన్నప్పుడు జరిగిన లైంగిక దాడి ఆ పేజీలో ఉండవు. దాడి సంగతి తెలియాల్సింది సైకాలజిస్టుకు. స్నానం చేయించే ఆయాకు, ‘ఈ అమ్మాయిని మగవారు ఎత్తుకోకూడదు, తాకే ముందు చెప్పాలి’ అన్న సూచన చాలు, కారణం అక్కర్లేదు. పని తెలిసిన స్పెషల్ ఎడ్యుకేటర్లు, ఫిజియోథెరపిస్టులు ఈ గీతను సహజంగానే గీసుకుంటారు. దాన్ని మనుషుల మంచితనానికి వదిలేయకుండా సంస్థ పద్ధతిగా మార్చాలి.

కుటుంబం మాటేమిటి? తల్లీ తండ్రీ కంటే దగ్గరివారెవరు, వాళ్లకు చెప్తే చాలదా అంటారు. పసిపిల్లల విషయంలో అది నిజం. పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి విషయంలో, మేధో వైకల్యం ఉన్నా సరే, అంత సులువుగా ఒప్పుకోలేం. పెద్దయిన బిడ్డకు తల్లిదండ్రులు తమంతట తాముగా చట్టబద్ధ సంరక్షకులైపోరు. అందుకు కోర్టు, లేదా కలెక్టర్ నేతృత్వంలో జాతీయ ట్రస్టు చట్టం కింద పనిచేసే స్థానిక స్థాయి కమిటీ వంటి అధికార సంస్థ నియామకం కావాలి. 2023 చట్టం 9వ సెక్షన్ మాత్రం చట్టబద్ధ సంరక్షకులున్న వికలాంగులను పిల్లలతో ఒకే వాక్యంలో చేర్చి, అంగీకారం సంరక్షకుల నుంచి తీసుకోమంది. 2016 చట్టం పరిమిత సంరక్షణ అన్న భావన తెచ్చి, నిర్ణయాలు ఆ వ్యక్తితో సంప్రదించి తీసుకోవాలని చెప్పింది. ఒక చట్టం ఇచ్చిన గొంతును మరో చట్టం పక్కకు పెట్టింది. సంస్థలు కనీసం పద్ధతిగానైనా ఆ వ్యక్తిని కూడా అడగాలి. బొమ్మలతో, తేలిక మాటలతో, అవసరమైతే రెండు మూడు రోజుల వ్యవధిలో అడిగితే తమ ఫొటో గోడ మీద ఉండాలో వద్దో చెప్పగలిగేవారు మనం అనుకునేదానికంటే ఎక్కువమంది ఉంటారు. చూపు లేనివారికి ఫారం బ్రెయిల్‌లోనో, స్క్రీన్ రీడర్ చదవగలిగేలాగో ఇవ్వాలి. చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించడాన్ని అంగీకారం అనలేం. వారి ఓటీపీని సహాయకులు చదివి చెప్పే చోట, బ్యాంకు ఖాతాకు ఎవరు కాపలా అన్నది కూడా సంస్థ రాసిపెట్టుకోవాలి. బధిర మహిళతో డాక్టరు గదిలోకి వెళ్లే సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రిటర్ విన్నది బయట చెప్పకూడదన్న నియమం ఆ డాక్టరుకు ఉన్నంత గట్టిగా ఉండాలి.

మరో భయం ఉంది, దాన్ని నేను అన్నిటికంటే గంభీరంగా తీసుకుంటాను. గోప్యత అనే మాట సంస్థలకు కవచమైపోతే? హింస జరుగుతున్న హాస్టల్ తలుపు వేసుకుని, ‘పిల్లల వివరాలు చెప్పకూడదండీ’ అంటే? ఇక్కడ మరిచిపోకూడనిది ఆ గోప్యత ఎవరిదన్నదే. అది లోపల ఉన్న మనిషిది, తనిఖీకి వచ్చిన అధికారి ముందు సంస్థ వాడుకోవడానికి లేదు. వికలాంగులపై హింస, నిర్లక్ష్యం మీద విచారణకు ఆస్ట్రేలియా 2019లో వేసిన రాయల్ కమిషన్ అనుభవం దీనికి మంచి రుజువు. కమిషన్ గడువు ముగిశాక తాము చెప్పింది గోప్యంగా ఉంటుందో లేదోనన్న భయంతో చాలామంది ముందుకు రావడానికి వెనకాడారు. వికలాంగుల సంఘాలు పోరాడగా, 2021లో చట్టం సవరించి ఆ రక్షణను కమిషన్ తర్వాతి కాలానికి కూడా విస్తరించారు. బాధితులు నోరు విప్పడానికి గోప్యత కావాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరులో వెలువడిన తుది నివేదిక వెనుక అలా చెప్పుకున్నవారి మాటలున్నాయి.

చిన్న సంస్థలకు ఇదంతా తలకు మించిన ఖర్చు అన్న మాట మాత్రం నిలవదు. అక్కర్లేని ఆధార్ జిరాక్సు అడగకపోవడానికి పైసా పట్టదు. బీరువా తాళాలు ఇద్దరి దగ్గరే ఉంచడం, ఫైలు ఎవరు ఎప్పుడు తీశారో రాసే రిజిస్టరు పెట్టడం, పేర్ల బదులు గది నంబర్లు వాడటం, మానేసినవారిని ఆ రోజే గ్రూపు నుంచి తీసేయడం, వెళ్లిపోయినవారి ఫైళ్లను చట్టం అడిగినంత కాలం ఉంచి తర్వాత చించేయడం, ఇవన్నీ అలవాట్లు. డిజిటల్ సమాచార రక్షణ నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి మొదలవుతాయి. భద్రతా లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అని చట్టంలో ఉన్నా, జిల్లాలోని చిన్న హాస్టల్ దాకా ఢిల్లీలోని సమాచార రక్షణ బోర్డు చూపు చేరుతుందని ఆశించలేం. చేరగలిగిన అధికారం మన దగ్గరే ఉంది. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వం నడపని వికలాంగుల సంస్థలు రాష్ట్రంలో రిజిస్టర్ కావాలి. రిజిస్ట్రేషన్‌కు ఏ ప్రమాణాలు పాటించాలో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. పడకలెన్ని, మరుగుదొడ్లెన్ని, ర్యాంపు ఉందా అని అడిగే చోటే మరో మూడు ప్రశ్నలు చేర్చవచ్చు. ఏయే వివరాలు ఎందుకు తీసుకుంటున్నారు? ఎవరెవరు చూడగలరు? ఫొటోకు ఒప్పుకోనివారిని ఎంతమందిని చేర్చుకున్నారు? మూడో ప్రశ్నకు సున్నా అని జవాబిచ్చిన సంస్థకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసే ముందు, అధికారులు అక్కడ ఉంటున్నవారితో విడిగా కూర్చుని మాట్లాడాలి.