వచ్చేటప్పుడు నడిచారు, వెళ్లేటప్పుడు ఎందుకు ఆగిపోయారు?

పార్కిన్‌సన్స్ వ్యాధితో బాధపడే సహోదరీ సహోదరుల గురించి సంఘంలో ఒక మాట వినబడుతుంటుంది: "ప్రొద్దున బాగానే నడిచి వచ్చారు, ఇప్పుడు అడుగు వేయలేకపోతున్నారేమిటి?" ఆ మాటలోని అనుమానం రోగికి తెలుస్తుంది. నలుగురిలో నవ్వులపాలవుతామని కొందరు మెల్లగా ఆరాధనకు రావడమే మానేస్తారు.

ఈ వ్యాధిని 1817లో ఇంగ్లాండు వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ వివరించారు. ఇది పక్షవాతం కాదు, కాళ్లు చచ్చుబడవు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. మనం ఆలోచించకుండానే నడవగలిగేలా చేసేది ఆ రసాయనమే. అది తగ్గితే అడుగులు చిన్నవవుతాయి, పక్కకు తిరగడం కష్టమవుతుంది. ఒక్కోసారి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. గుమ్మాల దగ్గర, ఇరుకు వరుసల్లో, ఎవరైనా తొందరపెట్టినప్పుడు ఇది ఎక్కువ. వణుకు మాత్రం అందరికీ ఉండదు.

మరి ఒకే రోజులో ఇంత మార్పు ఎందుకు? లెవోడోపా మాత్ర మెదడులో డోపమైన్‌గా మారుతుంది. మొదటి సంవత్సరాల్లో దాని ఫలితం రోజంతా నిలకడగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో మాత్ర కొద్ది గంటలే పనిచేస్తుంది. పనిచేసినంతసేపు నడుస్తారు, ప్రభావం తగ్గగానే బిగుసుకుపోతారు. మాంసం, పప్పు ఎక్కువగా ఉన్న భోజనంతో వేసుకుంటే కొందరికి మాత్ర సరిగా పనిచేయదు. ఆందోళన కూడా నడకను కుంటుపరుస్తుంది. కాబట్టి ఇది నటన కాదు, అవిశ్వాసమూ కాదు.

ఇక్కడే సంఘ పెద్దలు జాగ్రత్తపడాలి. ఉపవాస ప్రార్థన పేరిట మాత్రలు మానిపించకూడదు. "ప్రార్థించాం గదా, ఇంకా మందులెందుకు?" అనకూడదు. లెవోడోపా హఠాత్తుగా ఆపితే తీవ్రమైన జ్వరం వచ్చి, శరీరం బిగుసుకుపోయి, ప్రాణాపాయం కలగవచ్చు. స్వస్థత కోసం ప్రార్థిద్దాం, మాత్ర వేళకు మంచినీళ్లూ అందిద్దాం. పౌలుకు తోడుగా ఉన్న లూకా వైద్యుడే గదా!

పాదాలు ఆగిపోయినవారిని చెయ్యి పట్టి లాగవద్దు, పడిపోతారు. కాసేపు నిలదొక్కుకోనివ్వండి. తరువాత "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి, లేదా నేలమీది టైల్స్ గీతను దాటమని చెప్పండి. పాట తాళానికి అడుగు వేయడం చాలామందికి తోడ్పడుతుంది. కంటికి కనబడే గీత, చెవికి వినబడే లయ నడకకు ఊతమిస్తాయి. నడుస్తుండగా మాటల్లో పెట్టవద్దు. కూర్చున్నవారు ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు, అందుచేత పాటలప్పుడు వారిని కూర్చునే ఉండనివ్వండి. ప్రభువు బల్ల సంస్కారాన్ని వారున్న చోటికే తీసుకువెళ్లండి.

కపెర్నహూములో నలుగురు మనుషులు ఒక పక్షవాయువుగలవానిని మోసుకొచ్చి, దారి లేక ఇంటి కప్పు విప్పారు. మనకు అంత ప్రయాస అక్కరలేదు. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట పక్కకు జరిపి, దారి ఇచ్చి, వారితోపాటు ఒక్క నిమిషం ఆగితే చాలు.