క్షయవ్యాధి – రెండు రూపములు

క్షయకు మన ప్రాచీన వైద్యులు రాజయక్ష్మమని పేరిడిరి. దక్షుని శాపమున చంద్రుడు దినదినము క్షీణించిన కథ నెఱుగనివారు మనలో నరుదు. క్షయ యనగానే ఎడతెగని దగ్గు, కళ్లెలో నెత్తురు మన కన్నులకు గట్టును. కాని హెచ్.ఐ.వి. సోకిన దేహమున నీ వ్యాధి యెల్లప్పుడు నా రూపముననే కానరాదు. ఈ భేదమును గృహిణు లెఱుగుట యవసరమని తలంచి నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

మా వీథిలో నొక యువతికి రెండు మాసములు సాయంకాలపు జ్వరము విడువకుండెను. దగ్గు మిక్కిలి స్వల్పము. కళ్లెను పరీక్షించి క్షయ కాదనిరి. ఇంటివారు దిష్టి తీసి యూరకుండిరి. పిమ్మట మెడలో బిళ్లకట్టగా, వేఱొక వైద్యుడు దానిని సూదితో పరీక్షింపజేసి క్షయయని తేల్చెను. రక్తపరీక్షలో హెచ్.ఐ.వి.యు బయల్పడెను. ఆ రెండు మాసములు వ్యర్థమైనందుకు మేము నేటికిని చింతించుచున్నాము.

1882లో రాబర్టు కాక్ లోకమునకు వెల్లడించిన క్షయక్రిమి యిరువురియందు నొక్కటియే; భేదమెల్ల దేహబలమునందు గలదు. ఆరోగ్యవంతుల యూపిరితిత్తులలో క్రిమి ప్రవేశించినచో రక్షకకణములు దానిని చుట్టుముట్టి బంధించును. అట్టివారిలో నూటికి 5 మొదలు 10 మందికే జీవితకాలమున వ్యాధి బయల్పడును. హెచ్.ఐ.వి. యా రక్షకకణములనే నశింపజేయును. దానికి చికిత్స పొందనివారిలో నేటేట నూటికి 10 మంది వఱకు వ్యాధిగ్రస్తులు కావచ్చును.

మఱియొక విశేషము కలదు. ఊపిరితిత్తులలో గుంతలు పడుటకు క్రిమితో దేహము సలుపు పోరాటమే ముఖ్యకారణము. ఆ గుంతలనుండియే క్రిములు కళ్లెలోనికి విస్తారముగా వచ్చును. పోరాడు బలము మిక్కిలి తగ్గినచోట గుంతలు తఱుచుగా పడవు. కావున కళ్లెలో క్రిమి కానరాకపోవచ్చును. ఎక్స్‌రే బొమ్మయందును దోషము తోపకపోవచ్చును. వ్యాధి మాత్రము మెడగ్రంథులకు, మెదడు పొరలకు, ఒక్కొక్కప్పుడు దేహమంతటికిని వ్యాపించును.

ఇతరులకు దగ్గు రెండు వారములున్నచో పరీక్ష చేయింపవలెను. హెచ్.ఐ.వి. యున్నవారికి దగ్గు, జ్వరము, రాత్రిచెమటలు, బరువు తగ్గుట – వీనిలో నొక్కటి కనబడినను జాగుచేయరాదు. కళ్లెను సూక్ష్మదర్శినితో చూచుట మాత్రమే చాలదు. క్రిమి జన్యుపదార్థమును కనిపెట్టు పరీక్షయు, కొందఱికి మూత్రపరీక్షయు నావశ్యకములు. క్షయ వచ్చిన ప్రతివారును హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొనవలెను, అంతమాత్రమున వారందఱికి నది యున్నదని తలపరాదు.

మందులకు లొంగు సామాన్యక్షయకు చికిత్స తఱుచుగా ఆఱు మాసములు. హెచ్.ఐ.వి. మందులను సాధారణముగా రెండు వారములలోపల నారంభింతురు. మెదడు పొరలకు క్షయ సోకినచో మఱికొంత యాగుదురు. దేహబలము మరలుచుండగా జ్వరమును, బిళ్లలును హెచ్చుట కలదు. అప్పుడు మందు మానక వైద్యునితో చెప్పవలెను. క్షయ లేని హెచ్.ఐ.వి. రోగులకు దానిని నివారించు మందును కలదు. మన దేశమున ప్రభుత్వ వైద్యాలయములలో నీ రెండు వ్యాధులకును మందులుచితముగా నిత్తురు.

సిగ్గుచే దాచిన జ్వరమే ప్రాణాంతకము. కలసి భుజించుటచే హెచ్.ఐ.వి. సోకదు, కావున రోగిని వంటయింటికి దూరము చేయుట యన్యాయము. క్షీణించిన చంద్రుడు మరల వృద్ధి పొందినట్లు మా వీథి యువతియు చికిత్స ముగించి, తన బిడ్డను తానే బడికి తోడ్కొనిపోవుచున్నది.