వైరసు హెచ్చరికలు: ప్రజల కర్తవ్యము

పరోపకారబుద్ధి మూలముననే వ్యాపించు కీడు కొంత లోకమున గలదు. 2025వ సంవత్సరము మే నెలలో, భారత పాకిస్తానముల నడుమ సైనిక సంఘర్షణము సాగుచున్న దినములలో, ఒక వాట్సాపు జాబు మన దేశమున ఇంటింటికిని చేరినది. "డాన్స్ ఆఫ్ ది హిల్లరీ" అను పేరుతో శత్రుదేశీయులు ఒక వీడియోను పంపుచున్నారనియు, దానిని తెరచినచో ఫోనులోని సమస్తమును నశించుననియు, ఈ సంగతిని బంధుమిత్రుల కందరకు వెంటనే తెలుపవలెననియు దాని సారాంశము. ఆ దినములలోనే, బ్యాంకుల ఏటీఎం యంత్రములు రెండు మూడు దినములు మూయబడునని మరియొక జాబు తిరిగినది. ఈ రెండవది అసత్యమని కేంద్రప్రభుత్వ సమాచార విభాగమువారు ప్రకటించిరి. మొదటిదాని చరిత్ర మరింత విచిత్రము. అదే పేరు, అదే బెదరింపు 2016లో అమెరికా అధ్యక్షుని ఎన్నికల కాలమున తిరిగినవే. అంతకు ముందది "డాన్స్ ఆఫ్ ది పోప్" అను పేర సంచరించినది. మతగురువు పోయి రాజకీయనాయకురాలు వచ్చెను. తరువాత శత్రుదేశము వచ్చి చేరెను. జాబు మాత్రము మారలేదు.

దానిని నమ్మి పంపినవారిని మూర్ఖులని పరిహసించుట కొందరకు వేడుకగ నున్నది. మాకా వేడుకలో పాలు లేదు. యుద్ధకాలమున నాలుగిండ్లవారిని హెచ్చరింపవలెనని తలచుట పౌరునకు దోషము కాదు. ఆ సద్బుద్ధినే వాహనముగ జేసికొని అసత్యము ప్రయాణించుచున్నది. కంప్యూటరు వైరసు యంత్రమునం దొక లోపమును వెదకికొని తన ప్రతులను తానే వ్రాసికొనును. వైరసును గూర్చిన పుకారునకు ఆ శ్రమయు లేదు, దాని ప్రతులను మనమే వ్రాసిపెట్టుచున్నాము. పూర్వము మన గ్రామములలో కరపత్రములు పంచబడుచుండెడివి. గుడిలో పాము కనబడి పూజారితో మాటలాడినదనియు, ఈ వార్తను వేయి ప్రతు లచ్చొత్తించి పంచినవారికి ధనలాభమును, చించివేసినవారికి ప్రాణహానియు కలుగుననియు వానిలో నుండెడిది. ఆ కరపత్రమునకు అచ్చుకూలియైనను కావలసియుండెను. నేటి జాబునకు వ్రేలికొన చాలును.

ఈ జాతి జాబులలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది 1994వ సంవత్సరము చివర అమెరికాలో బయలుదేరిన "గుడ్ టైమ్స్" హెచ్చరిక. ఆ శీర్షికగల ఈమెయిలును చదివినంత మాత్రమున కంప్యూటరులోని హార్డుడిస్కు తుడిచిపెట్టుకొనిపోవునని దానిలో నుండెను. ఆనాటి ఈమెయిలు కేవలము అక్షరముల వరుస. అక్షరములను చదువుటచే యంత్రము చెడుట అసంభవము. అమెరికా ఇంధనశాఖవారి కంప్యూటరు రక్షణ విభాగము ఆ డిసెంబరులోనే ఇది కల్పన యని ప్రకటించినది. అయినను జాబు సంవత్సరములకొలది తిరిగినది. తిరిగిన కొలదిని ప్రభుత్వసంస్థల పేర్లను, అర్థములేని శాస్త్రపరిభాషను సంపాదించుకొన్నది. ఇచట నొక సంగతి చెప్పక తీరదు. 1999 నవంబరులో "బబుల్‌బాయ్" అను వైరసు వెలువడి, మైక్రోసాఫ్టువారి అవుట్‌లుక్‌లో ఉత్తరమును తెరచినంతనే పనిచేయగలిగినది. ఈమెయిలు వట్టి అక్షరములను మించి ఎదిగినందున, నాటి అసంభవము అయిదేండ్లలో సంభవమైనది. కావున "ఇట్టిది ఎన్నడును జరుగదు" అను వాక్యమును కంఠస్థము చేయుటవలనను రక్షణ లేదు.

అన్నింటికంటె ఆలోచింపదగిన ఉదాహరణము 2001వ సంవత్సరములోనిది. బ్రెజిలు దేశమున పోర్చుగీసు భాషలో పుట్టిన యొక జాబు ఇంగ్లీషులోనికి మారి లోకమంతట వ్యాపించినది. "సల్ఫ్‌ఎన్‌బీకే" అను ఫైలు మీ కంప్యూటరులో నున్నదేమో వెదకుడు. ఉన్నచో అది వైరసు. వైరసులను పట్టు సాధనములకు ఇది దొరకదు. జూను 1వ తేదీన మేల్కొని సర్వమును నాశనము చేయును. తక్షణమే తుడిచివేసి మీరెరిగినవారి కందరకు తెలుపుడు. ఇదియే దాని ఉపదేశము. జనులు వెదకిరి. ఫైలు కనబడినది. కనబడకేమి? అది విండోస్ 98లో మైక్రోసాఫ్టువారే ఉంచిన ఫైలు. పొడవైన ఫైలుపేర్లు చెడినప్పుడు వానిని మరల సరిదిద్దు సాధనము. వైద్యుడు వచ్చి నాడి పట్టుకొని, "కొట్టుకొనుచున్నది, ఇదియే వ్యాధి" యన్నచో ఊరిలో రోగి కానివా డెవడు? పైగా జాబు చెప్పినది అక్షరాల నిజమైనదని నమ్మి, ప్రతి యొక్కరును మరింత ఆదరముతో దానిని పదిమందికి పంపిరి.

మరుసటి యేట "జేడీబీజీఎంజీఆర్" అను ఫైలునకు ఇదే గతి పట్టినది. ఇదియు విండోస్‌లోని దే. జావా భాషలో ప్రోగ్రాములు వ్రాయువారికి ఉపకరించునది. దాని గురుతు చిన్న ఎలుగుబంటి బొమ్మ. గౌరవముగల ఫైలునకు ఎలుగుబంటి బొమ్మ యేలయని జనులకు సహజముగ తోచినది. పదునాలుగు దినములు నిదురించి పిమ్మట విజృంభించునని జాబు చెప్పగా నమ్మి తుడిచివేసిరి. ఈ రెండు ఫైలులును సామాన్యులకు నిత్యావసరములు కానందున నష్టము స్వల్పముతో పోయినది. అదే జాబు మరియొక ఫైలు పేరు చెప్పియుండినచో, ఏ వైరసును లేకయే, యజమానుని చేతితోనే యంత్రము మూలబడియుండెడిది. మొదటి పుకారులో సత్యలేశమును లేకపోలేదు. ఆ కాలముననే "మేజిస్టర్" అను నిజమైన వైరసు కంప్యూటరులలోని ఫైలులకు సోకి, వానిని ఈమెయిలుకు తగిలించి పంపుచుండెను. అట్లు వచ్చినవానిలో ఈ సల్ఫ్‌ఎన్‌బీకే ఫైలును నుండెను. రోగము సోకిన ప్రతిని చూచిన వాడెవడో ఆరోగ్యముగ నున్న ప్రతులన్నింటిని శంకించియుండును.

పుకార్లు ఇన్ని యున్నవిగదా యని ప్రతి హెచ్చరికను చెత్తబుట్టలో వేయువారికి 2000వ సంవత్సరము మే 4వ తేదీని జ్ఞాపకము చేయవలసియున్నది. "ఐ లవ్ యూ" అను శీర్షికతో ఫిలిప్పైను దేశమునుండి వెలువడిన వైరసు ఆనాడు లోకమును చుట్టినది. అది అపరిచితుల పేర రాలేదు. సోకిన యంత్రములోని చిరునామాల పట్టికను పట్టుకొని, మిత్రుని పేరనే మిత్రునకు చేరినది. "పంపినవాడు మనవాడే" యను ధైర్యము ఆనాడే చెల్లిపోయినది.

ఇక 2017 మే 12వ తేదీన వ్యాపించిన "వన్నాక్రై" సంగతి. అది కంప్యూటరులలోని ఫైలులకు తాళము వేసి, మూడువందల డాలర్లు చెల్లించిన గాని తీయనని బెదరించినది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలో కొన్ని కంప్యూటరులకును ఇది సోకినది. ఈ ఉపద్రవమునకు దారియిచ్చిన లోపమును సరిదిద్దు సవరణను మైక్రోసాఫ్టువారు మార్చి 14వ తేదీననే, అనగా దాదాపు రెండు నెలల ముందే, ప్రకటించియుండిరి. ఆ ప్రకటనకు అంకె గలదు, తేదీ గలదు, ఏ యే విండోస్‌లకు వర్తించునో పట్టిక గలదు. దానిని మేనమామ మేనల్లునకు పంపలేదు. వాడవాడల చెప్పుకొనలేదు. సవరణను స్వీకరించిన యంత్రము ఆ మార్గమున వచ్చిన తెగులునుండి తప్పించుకొన్నది. "తరువాత చూతము" అనిన యంత్రము చిక్కినది.

నిజమైన హెచ్చరిక మిక్కిలి నీరసముగ నుండును. ఏ సాఫ్టువేరు, ఎన్నవ కూర్పు, ఏ తేదీ, ఏ సవరణ యని లెక్కలు చెప్పి ఊరకుండును. పదిమందికి పంపుమని ప్రాధేయపడదు. మనచేత అయిదు నిమిషముల విసుగుపని మాత్రము చేయించును. పుకారునకు తేదీ యుండదు. "నేటి రాత్రి", "రేపటినుండి" అను మాటలే యుండును గనుక అది యెన్నడును పాతబడదు. దానికి సంతకము లేదుగాని పెద్దవారి పేరుండును. మైక్రోసాఫ్టువారు చెప్పిరనును, పోలీసువారు చెప్పిరనును. వారు ఎచట చెప్పిరో చెప్పదు. చెప్పినమాట నిజమైనచో ఆ సంస్థవారి సొంత పుటలోనే కనబడవలెను. అచట చూచుటకు తీరిక లేనివారికి, దానిని ఇతరులకు పంపుటకు మాత్రము తీరిక యేల యుండవలెను?

నేడు మోసగాండ్రు ఈ రెండు వేషములను కలిపి ధరించుచున్నారు. "మీ కంప్యూటరునకు వైరసు సోకినది, ఈ నంబరునకు ఫోను చేయుడు" అని తెరమీద ఎఱ్ఱని పలక మెరయును. ఆ నంబరువాడే దొంగ. పెండ్లిపత్రిక యనియు, వాహన చలానా యనియు, రైతులకు రావలసిన సొమ్మనియు పేరుపెట్టి ఏపీకే ఫైలును పంపుదురు. పెండ్లిపత్రిక బొమ్మగ నుండును గాని ఫోనులో స్థాపింపవలసిన యాప్‌గ నుండదు. స్థాపించినచో బ్యాంకువారు పంపు ఓటీపీలు వాని చేతికి పోవును. పొరపాటున స్థాపించినవారు సిగ్గుపడి దాచుకొనరాదు. ఇంటర్నెట్టును నిలిపి, మరియొక ఫోనునుండి బ్యాంకునకును, 1930 నంబరునకును వెంటనే తెలుపవలెను. సొమ్ము చేతులు మారక మునుపు నిమిషములే విలువైనవి.

కుటుంబముల వాట్సాపు బృందములలో ఇట్టి జాబులను పంపువారు తరచు మనకంటె పెద్దలు. పదిమంది యెదుట వారిని తప్పుపట్టుట మర్యాదయు కాదు, ఫలవంతమును కాదు. అవమానపడినవారు మరునాడును పంపుదురు. విడిగ ఫోను చేసి, "బాబాయిగారూ, ఇది మీకెవరు పంపినారు? వారికెవరు పంపినారు?" అని అడుగుట మేలు. రెండు మెట్లు వెనుకకు నడచునప్పటికి దారి కనబడకపోవును. ఆ సంగతిని వారే గ్రహింతురు. పంపకుండుట గొప్ప త్యాగమేమియు కాదుగాని, బృందములో నలుబదిమంది యున్నప్పుడు ఒక్కరు ఊరకుండుట నలుబదిమందికి మేలు.

ప్రజలకు ఇంత చెప్పి ప్రభుత్వమునకు చెప్పకుండుట న్యాయము కాదు. మన దేశమున కంప్యూటరు రక్షణకై 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ అను సంస్థ వరుస సంఖ్యతో, తేదీతో, నివారణమార్గముతో హెచ్చరికలను వెలువరించుచున్నది. అవి ఇంగ్లీషులో నున్నవి. ఆ ఇంగ్లీషును అర్థము చేసికొనువారు ఇంజనీర్లు మాత్రమే. హైదరాబాదునందలి సీ-డాక్ సంస్థవారు దేశభాషలలో అవగాహనపత్రములను సిద్ధపరచుచున్నందుకు వారిని అభినందింపవలసినదే. కాని ప్రమాదము నేడు వచ్చినప్పుడు నేటి హెచ్చరికయే కావలెను. పుకారు గంటలో తెలుగు నేర్చుకొనుచున్నది. దానికి అనువాదకులు, ప్రచారకులు, జీతము లేని బంట్రోతులు సిద్ధముగ నున్నారు. సత్యము ఢిల్లీలో ఇంగ్లీషున కూర్చుండి, తన కొరకు ఎవరైన వత్తురని ఎదురుచూచుచున్నది. ఏ ఫోనువారు ఏమి సవరింపవలెను, ఎట్లు సవరింపవలెను అను నాలుగు పంక్తులను తెలుగున వ్రాయుటకు ఒక గుమాస్తాకు అరగంట చాలును. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును, బ్యాంకులును ఆ అరగంట వేతనమును భరింపలేనంత పేదవి కావు.