ఇంట్లో కూర్చే కంప్యూటర్: గోదావరిఖని ఎండకు, దుమ్ముకు తగ్గ భాగాలు

ఇంట్లో కూర్చుకునే డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ముందుగా ఖాయం చేసుకోవాల్సింది ప్రాసెసర్‌ను, దాన్ని మోసే మదర్‌బోర్డును. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, భాగాలన్నిటికీ కరెంటునిచ్చే ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ ఆ తర్వాత ఈ జంటను బట్టే తేలతాయి. ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్‌జీఏ 1700 సాకెట్ కావాలి. 10, 11 తరాలకు ఎల్‌జీఏ 1200. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 శ్రేణికి ఎల్‌జీఏ 1851. ఏఎండీలో అయితే రైజెన్ 1000 నుంచి 5000 శ్రేణి దాకా ఏఎం4, 2022 సెప్టెంబరులో మొదలైన 7000 శ్రేణి నుంచి ఏఎం5. ఒక సాకెట్ ప్రాసెసర్ మరో సాకెట్‌లో కూర్చోదు.

సాకెట్ కలిసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఇంటెల్ 6వ తరం నుంచి 9వ తరం దాకా సాకెట్ పేరు ఒకటే, ఎల్‌జీఏ 1151. అయినా 8వ తరం ప్రాసెసర్‌ను 6వ తరం నాటి 100 శ్రేణి బోర్డులో పెడితే చక్కగా కూర్చుంటుంది గానీ కంప్యూటర్ లేవదు. దానికి 300 శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డే కావాలి. పాత సామాను కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాత బోర్డు చవగ్గా దొరికిందనుకుంటే సాకెట్ పేరుతో ఆగకుండా చిప్‌సెట్ పేరు, బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో ఇచ్చే ప్రాసెసర్ల జాబితా కూడా చూడాలి. ఆ జాబితాలో ప్రతి ప్రాసెసర్ పక్కనా ఏ బయాస్ (బోర్డును లేపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. బీ660 బోర్డు 14వ తరం కంటే ముందు తయారైంది. బీ450 బోర్డు రైజెన్ 5000 కంటే ముందుది. గోదాములో చాలాకాలం పడి ఉన్న బోర్డులో పాత బయాసే ఉంటే కొత్త ప్రాసెసర్‌ను అది గుర్తుపట్టదు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చుకునే సదుపాయం కొన్ని బోర్డులకు ఉంది, వాటి వెనకవైపు దానికంటూ ఒక బటన్ ఉంటుంది. ఆ బటన్ లేని బోర్డయితే బయాస్ అప్‌డేట్‌ను దుకాణంలోనే చేయించుకోవడం మేలు.

ర్యామ్ విషయంలో తరాల తేడా కంటికి కనబడదు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 కాంటాక్టులే, పొడవూ ఒకటే. అంచు మీది గాడి మాత్రం రెండింటికీ ఒకేచోట ఉండదు. తప్పు ర్యామ్‌ను స్లాట్ మీద పెడితే ఒక చివర దిగినట్టే ఉండి రెండో చివర లేచి ఉంటుంది. అక్కడ బలం పెడితే స్లాట్ విరుగుతుంది. ఏఎం4 బోర్డుల్లో డీడీఆర్4 మాత్రమే, ఏఎం5 బోర్డుల్లో డీడీఆర్5 మాత్రమే. ఎల్‌జీఏ 1700 దగ్గరే జాగ్రత్త పడాలి. ఆ ప్రాసెసర్లు రెండు రకాలనూ ఒప్పుకుంటాయి, బోర్డు మాత్రం మామూలుగా ఏదో ఒక రకానికే తయారవుతుంది. ఒకే మోడల్ పేరుతో డీడీఆర్4 బోర్డు, డీడీఆర్5 బోర్డు విడివిడిగా అమ్ముతారు కాబట్టి పెట్టె మీద పూర్తి పేరు చదవాలి. 16 జీబీ కావాలనుకుంటే ఒకే 16 జీబీ స్టిక్ కంటే 8 జీబీవి రెండు నయం. రెండు దారుల్లో డేటా నడుస్తుంది కాబట్టి, ప్రాసెసర్‌లోని సొంత గ్రాఫిక్స్ మీద ఆధారపడే కంప్యూటర్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్, నాలుగో స్లాట్ వాడాలి. హెచ్610 బోర్డులకు రెండు స్లాట్లే ఉంటాయి, పైగా ర్యామ్ వేగాన్ని ప్రాసెసర్ పరిమితికి మించి పెంచవు. కాబట్టి ఐ5-12400 తో హెచ్610 బోర్డు తీసుకున్నవాళ్లు 3600 వేగం డీడీఆర్4 ర్యామ్ కోసం అదనంగా పెట్టే డబ్బు దండగ, అది 3200 దగ్గరే ఆగుతుంది.

గ్రాఫిక్స్ కార్డు కొనే ఉద్దేశం లేనివాళ్లు ప్రాసెసర్ పేరు చివరి అక్షరం తప్పక చూడాలి. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ లేవు. ఐ5-12400 తో తెర వెలుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని ఐ5-12400ఎఫ్‌తో ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. ఏఎం4లో ఇది తిరగబడుతుంది. రైజెన్ 5 5600కు సొంత గ్రాఫిక్స్ లేవు, చివర జీ ఉన్న 5600జీకి ఉన్నాయి. డిగ్రీ చదువుకు, ఆన్‌లైన్ పరీక్షలకు, టైపింగ్, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి సొంత గ్రాఫిక్స్ సరిపోతాయి. ఆ ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు డబ్బు ఎస్‌ఎంపీఎస్‌కు, యూపీఎస్‌కు మళ్లించడమే సరైన పని.

స్టోరేజీలో ఎం.2 అన్నది ఆకారం పేరు. ఆ ఆకారంలోనే సాటా డ్రైవ్ ఉంటుంది, దానికంటే ఎంతో వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఉంటుంది. బోర్డులోని స్లాట్ ఏది ఒప్పుకుంటుందో మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయవు. పాత హార్డ్ డిస్క్ కూడా తగిలించుకుందామనుకునేవాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలి. ఓపెన్‌కాస్ట్ గనుల పక్క కాలనీల్లో బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు అదరడం తెలిసిందే. తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్క్ కంటే కదిలే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ అటువంటి చోట నిశ్చింత.

ఇప్పటిదాకా చెప్పినవి చాలావరకు ఏ ఊరికైనా వర్తిస్తాయి. ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి గోదావరిఖని ఉన్న రామగుండం లెక్క వేరవుతుంది. ముందు వాట్ల సంగతి. ఐ5-12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు. బోర్డు, ర్యామ్, డ్రైవ్‌లు, ఫ్యాన్లకు ఇంకో 60 వేసుకున్నా మొత్తం 300 దాటదు. అందుకని నిఖార్సైన 450 లేదా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలు. నిఖార్సైన అన్న మాట ముఖ్యం. క్యాబినెట్‌తో కలిపి వచ్చే పేరు లేని ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా లెక్కలోకి తీసుకోకూడదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది 12 వోల్టుల లైను మీద. పక్కన అంటించిన పట్టీలో ఆ లైనుకు ఎన్ని ఆంపియర్లు ఇచ్చారో చూసి 12తో గుణిస్తే అసలు సత్తా తెలుస్తుంది. కేబుళ్లలోనూ పొరపాటు జరుగుతుంది. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబులూ గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నుల కేబులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటిది నాలుగు, నాలుగుగా విడిపోతుంది, రెండోది ఆరు, రెండుగా. వాటిలో వోల్టుల వరస వేరు. ఊడదీసే కేబుళ్లున్న ఎస్‌ఎంపీఎస్ అయితే ఒక కంపెనీ కేబుల్‌ను మరో కంపెనీ దానికి ఎన్నడూ తగిలించకూడదు, బోర్డో డ్రైవో కాలిపోతుంది.

రామగుండంలో ఎన్టీపీసీ కేంద్రం 1983 నుంచి కరెంటు తీస్తోంది, పాత కేంద్రం ఒక్కదాని సామర్థ్యమే 2600 మెగావాట్లు. ఆ కరెంటు 400 కిలోవోల్టుల లైన్లెక్కి గ్రిడ్‌లో కలుస్తుంది. ఇంట్లోకి వచ్చేది మాత్రం వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్, సర్వీసు వైరు దాటి వస్తుంది. మే నెలలో వీధి మొత్తం ఏసీలు, కూలర్లు ఒకేసారి వేస్తే లైను చివరి ఇళ్లలో 230 వోల్టులు రావాల్సిన చోట బాగా తగ్గిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ పట్టీ మీద ఇన్‌పుట్ 100–240 అని ఉంటే ఆ లో ఓల్టేజీని అది తట్టుకుంటుంది. 200–240 అని ఉంటే కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

ఇన్వర్టర్ ఉంది కదా అని యూపీఎస్ వద్దనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. కరెంటు పోయాక మంచి ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలోని నిల్వతో సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ వెనక స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉంటే ఆ లోపే బ్యాటరీకి మారుతుంది, మామూలు మోడ్‌లో ఉంటే అంతకంటే ఎక్కువ సమయం పట్టి కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. విడిగా యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకెను వాట్లనుకోకూడదు. 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లే ఇస్తుంది. పైన లెక్కగట్టిన కంప్యూటర్‌కు మానిటర్ కలిపితే అది అంచుల మీద నడిచినట్టే, 1000 వీఏ అయితే ఊపిరాడుతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని, చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే చతురస్రపు తరంగంతో సరిగ్గా నడవవు. వీలైతే సైన్ వేవ్ రకం తీసుకోవాలి.

అర్థింగ్ లేని ఇంట్లో క్యాబినెట్ ఇనుము మీద చేయి పెడితే సన్నగా జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు నేలలోకి దిగే దారి లేక బాడీ మీదే నిలవడం దీనికి కారణం. ఎస్‌ఎంపీఎస్ పాడైందని మార్చినవాళ్లకూ ఆ జివ్వుమనడం పోదు. మూడో పిన్నుకు నిజంగా అర్థింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడమే దీనికి మందు.

ఇక ఎండ. రాష్ట్రంలో తీవ్రంగా కాగే ప్రాంతాల్లో రామగుండం ఒకటి, మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. కూలర్ ఎంత మంచిదైనా ప్రాసెసర్‌ను గది గాలి కంటే చల్లగా చేయలేదు, గది వేడి మీద ఇంత అని తేడా మాత్రమే ఉంచగలదు. గది 25 డిగ్రీలున్నప్పుడు పూర్తి పనిలో 70 చూపించే ప్రాసెసర్, అదే కూలర్‌తో 42 డిగ్రీల గదిలో 87 దగ్గరికి చేరుతుంది. రైజెన్ 5 5600కు పరిమితి 90 డిగ్రీలు, ఐ5-12400కు 100. పరిమితి దగ్గరపడితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డబ్బాలో వచ్చే చిన్న ఫ్యాన్ చలికాలంలో సరిపోయినా ఇక్కడి వేసవికి చాలదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ తీసుకుంటే మేలు. కొనేముందు రెండు కొలతలు చూడాలి. ఎల్‌జీఏ 1700 బోర్డులో కూలర్ రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు, అంతకుముందు ఎల్‌జీఏ 1200, 1151 సాకెట్లకు 75. పాత కూలర్‌కు కొత్త బిగింపు కిట్ ఉంటేనే పడుతుంది. టవర్ కూలర్ల ఎత్తు సాధారణంగా 150 నుంచి 160 మిల్లీమీటర్లు. క్యాబినెట్ అంత ఎత్తును పట్టకపోతే పక్క తలుపు మూసుకోదు. నీళ్లు చల్లే ఎయిర్ కూలర్ ఎదురుగా కంప్యూటర్ పెట్టడం కూడా తప్పే. దాని చల్లగాలిలో తేమ ఎక్కువ.

ఆ తేమకు దుమ్ము తోడైతే అసలు ఇబ్బంది మొదలవుతుంది. గనుల పక్కనున్న ఎయిటింక్లైన్ కాలనీలో గానీ సెంటినరీ కాలనీలో గానీ పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి మళ్లీ నల్లటి పొర తేలుతుంది. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్లు, గనుల్లో తవ్విపోసిన మట్టి (ఓబీ) కుప్పల మీంచి వీచే గాలి, బూడిద అన్నీ కలిసిన దుమ్ము ఇది. హీట్‌సింక్ రేకుల మధ్య ఇది పేరుకుంటే గాలి ఆడదు. అందుకే ఇక్కడ క్యాబినెట్ ఎంపికలో రంగు లైట్ల కంటే ముందు చూడాల్సింది చేత్తో ఊడదీసి కడుక్కోగల జాలీ ఫిల్టర్లున్నాయా అన్నది. ముందువైపు గాజు పలక ఉన్న క్యాబినెట్ కంటే జాలీ ముఖం ఉన్నది నయం. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగి, వెనక ఒకటి బయటికి తోస్తే లోపలి గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటుంది. అప్పుడు దుమ్ము సందుల్లోంచి కాకుండా ఫిల్టర్ గుండానే రావాలి, అక్కడే ఆగుతుంది. క్యాబినెట్‌ను నేల మీద కాక బల్ల మీద పెడితే ఎస్‌ఎంపీఎస్ కింది ఫిల్టర్ కూడా తొందరగా నిండదు.

క్యాబినెట్ కొలతలు సులభం. ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ పెద్దదే అయినా 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది, చిన్నదానిలో పెద్దది పట్టదు. గ్రాఫిక్స్ కార్డు పొడవును ముందు ఫ్యాన్ల మందం తీసేసి కొలవాలి.

భాగాలను గోదావరిఖని, కరీంనగర్ దుకాణాల్లో తెప్పించుకోవచ్చు. ఎక్కువ రకాలు చూసి ఎంచుకోవాలంటే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ లాంటి రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా పేరుపడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. అది 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, పొరపాటున తెచ్చిన ర్యామ్‌ను మార్చుకోవడానికి ఇంకో రోజు డ్యూటీ పోతుంది. కాబట్టి బోర్డు పూర్తి పేరు, ప్రాసెసర్ పూర్తి పేరు కాగితం మీద రాసుకుని బయల్దేరాలి. బోర్డు, ప్రాసెసర్, కూలర్, ర్యామ్‌లను దుకాణంలోనే బయట కలిపి ఒకసారి బయాస్ తెర దాకా తెప్పించమని అడగాలి. ఎఫ్ రకం ప్రాసెసర్ అయితే గ్రాఫిక్స్ కార్డు కూడా తగిలించమనాలి. ఎల్‌జీఏ సాకెట్‌లోని సూదులు వంగాయేమో ప్రాసెసర్ పెట్టకముందే లైటు వేసి చూడాలి, వంగిన సూదికి వారంటీ రాదు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోవాలి, ప్లాస్టిక్ సాకెట్ మూతను బోర్డు పెట్టెలోనే దాచాలి. బోర్డును వారంటీకి పంపేటప్పుడు సర్వీస్ సెంటర్ ఆ మూత అడుగుతుంది.