అందుగు జిగురు ఎలుకను కాచింది.. మరి మనిషినో?

సంధ్యవేళ ధూపం వేయని ఇల్లు మన పల్లెల్లో అరుదు. అలా ధూపానికి వాడే జిగుళ్లలో అందుగు చెట్టు జిగురు ఒకటి. సంస్కృతంలో ఆ చెట్టును శల్లకి అనీ, జిగురును కుందురు అనీ అంటారు. ఎండు అడవుల్లో, రాతి కొండలపై పెరిగే ఈ చెట్టు బెరడుకు గాటు పెడితే చిక్కని ద్రవం ఊరుతుంది. గాలి తగిలి అదే పసుపుపచ్చని ముద్దగా గట్టిపడుతుంది. కీళ్ల నొప్పులకు ఆయుర్వేద వైద్యులు దీనిని తరతరాలుగా వాడుతున్నారు.

ఈ జిగురు మూత్రపిండాలను కూడా కాపాడుతుందన్న మాట వినవస్తోంది. ఆ మాట చెవిన పడితే ఉద్దానంలో ఆశపడని వారుండరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ ఎన్నో కుటుంబాలు ఈ జబ్బుకు ఇంటి పెద్దను పోగొట్టుకున్నాయి. కనుక అందులో నిజమెంతో తెలుసుకోవడం అవసరం.

ఎలుకల్లో కనిపించిన గుణం

జెంటామైసిన్ అనే సూదిమందు మోతాదు మించితే మూత్రపిండాల్లోని సన్నని గొట్టాల కణాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. శాస్త్రజ్ఞులు ఎలుకలకు ఈ మందు ఎక్కించి, కొన్నింటికి అందుగు జిగురు సారం కూడా ఇచ్చి చూశారు. సారం తాగిన ఎలుకల రక్తంలో యూరియా, క్రియాటినిన్ అంతగా పెరగలేదు. జిగురులోని బాస్వెల్లిక్ ఆమ్లాలు వాపును రగిల్చే ఒక ఎంజైమును అణచడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆ ఎలుకలు అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నవి. వాటికి దెబ్బ కొద్ది రోజుల్లో తగిలింది. కాపాడే సారమూ దానితో పాటే అందింది. ఉద్దానం జబ్బు అలాంటిది కాదు. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా మూత్రపిండాన్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. పాడైన మూత్రపిండాన్ని ఈ జిగురు బాగుచేస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. పైగా ప్రయోగంలో వాడింది కొలిచి తీసిన సారం, సంతలో దొరికే ముద్ద కాదు.

చెట్టు మందైనా జాగ్రత్త

చెట్టు మందు కదా, హాని ఏముంటుందిలే అనుకోవడం పొరపాటు. పాముకాటుకు నాటువైద్యంలో వాడే ఈశ్వరి వేరులోని ఒక ఆమ్లం మూత్రపిండాలకు విషం. ఆ జాతి తీగే కలిసిన మందును సన్నబడేందుకు తిని బెల్జియంలో పలువురు స్త్రీలు మూత్రపిండాలు చెడగొట్టుకున్న ఉదంతం 1993లో వెలుగులోకి వచ్చింది. పాదరసం, సీసం కలిసిన మాత్రలు కూడా ప్రమాదకరమే.

రోజంతా ఎండలో చెమటోడ్చి, నీరు సరిగా తాగక, రాత్రి ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్ర మింగడం మరో ముప్పు. ఒంట్లో నీరు తగ్గిన వేళ ఆ మాత్ర మూత్రపిండాలకు రక్తం చేరడాన్ని మరింత తగ్గిస్తుంది.

జబ్బు ముదిరేదాకా నొప్పి ఉండదు, మూత్రం కూడా వస్తూనే ఉంటుంది. అందుకే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోవడం ఒక్కటే దీనిని ముందుగా పట్టే మార్గం. బి.పి., షుగరు ఉన్నవారు వాటిని అదుపులో ఉంచుకోవాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఇంట్లో వాడుతున్న పొడులు, కషాయాలు, మాత్రలు అన్నీ దాచకుండా చెప్పాలి.

అందుగు జిగురులో గుణం లేదని ఎవరూ అనడం లేదు. రేపు అందులోంచి మంచి మందు రావచ్చు. అంతవరకు దానిని నమ్ముకుని రక్తపరీక్షను వాయిదా వేసినా, డాక్టరు రాసిన మందు మానినా నష్టపోయేది ఆ ఇల్లే.