పురుటి సంచిలో రెండు పేర్లు కూడా...

నెలలు నిండిన పిల్ల ఇంట్లో ఉందంటే అమ్మమ్మల హడావుడి ఇంతా అంతా కాదు. పాత చీరలు చింపి మెత్తటి గుడ్డలు ఉతికి ఆరేస్తారు. ఫ్లాస్కు, గ్లాసు, దుప్పటి, స్కానింగు కాగితాలు... అన్నీ ఒక సంచిలో సర్దిపెడతారు. నొప్పులు మొదలైతే ఆ సంచి పుచ్చుకుని ఆటో ఎక్కడమే! అంతా బాగానే ఉంది. మరి ఆ పిల్లకి రక్తం ఎక్కించాల్సి వస్తే ఇచ్చేదెవరో ఎవరైనా ఆలోచించారా?

కానుపు తర్వాత రక్తస్రావం ఆగకపోతే తల్లి ప్రాణానికి గంటల్లోనే ముప్పు వస్తుంది. నాగాయలంక నుంచో, దివిసీమలో లోపలి పల్లె నుంచో అవనిగడ్డ మీదుగా బందరు చేరేసరికే బోలెడు సమయం గడిచిపోతుంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు పరుగు. "మగాళ్లెవరైనా వచ్చారా? రక్తం ఇవ్వాలి" అని అడుగుతారు. పెనిమిటి ఏ ఊళ్లోనో పనిలో ఉంటాడు, మామగారికి వయసు దాటిపోయి ఉంటుంది. పక్కనే పిన్నమ్మ, తోడికోడలు, ఆడపడుచు నిలబడి ఉంటారు. వాళ్లనెవరూ అడగరు. వాళ్లకీ ఇవ్వచ్చని తోచదు!

ఆడవాళ్లు ఇవ్వకూడదా?

ఎందుకివ్వకూడదండీ! 18 ఏళ్లు నిండి 65 ఏళ్లలోపు ఉండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులెవరైనా ఇవ్వచ్చు. ఈ నిబంధన ఆడామగా అందరికీ ఒకటే. కాకపోతే మగవాళ్లు మూడు నెలలకొకసారి ఇవ్వచ్చు, మనం నాలుగు నెలలు ఆగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. కానుపయ్యాక ఏడాది, గర్భస్రావమయ్యాక ఆరు నెలలు ఆగాలి. బహిష్టు రోజుల్లో కూడా వద్దంటారు.

ఒకసారి తీసుకునేది సాధారణంగా 350 మిల్లీలీటర్లు. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, అంతే. రక్తం తీయడం పది నిమిషాల్లో అయిపోతుంది. పోయిన ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో తిరిగి తయారవుతాయి. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి. ఇచ్చాక కాసేపు కూర్చుని, నీళ్లో పళ్లరసమో తాగి బయల్దేరండి. ఆ రోజు బిందెలు మోయడం, బరువులెత్తడం పెట్టుకోకండి.

"రక్తమిస్తే రోగాలంటుకుంటాయట కదా?" ఇది చాలామంది భయం. వాడే సూది, సంచి కొత్తవి. ఒకరికి వాడాక పారేస్తారు. ఇచ్చేవాళ్లకి వాటివల్ల జబ్బులు రావు. ఇచ్చిన రక్తాన్ని ఎయిడ్స్ వైరస్, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేశాకే రోగికి ఎక్కిస్తారు.

అసలు అడ్డంకి మన కంచంలో ఉంది

ఇవ్వాలన్న మనసుండీ వెనక్కి తిరిగొచ్చే ఆడవాళ్లు ఎందరో. కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఆరుగురు రక్తహీనులే. అన్నపూర్ణ లాంటి కృష్ణా డెల్టాలో కూర్చుని ఈ మాట చెప్పుకోవాల్సి రావడం సిగ్గుచేటే కదూ! అందరికీ పెట్టి, చివరికి గిన్నె అడుగున మిగిలింది మనం తింటే హిమోగ్లోబిన్ ఎక్కడి నుంచొస్తుంది?

తోటకూర, మునగాకు, నువ్వులూ బెల్లం, పప్పులు, తినేవాళ్లయితే చేపలు, మాంసం... ఇవేవీ మనకు దొరకనివి కావు. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే ఒంటబట్టదు. హిమోగ్లోబిన్ మరీ తక్కువుంటే తిండి ఒక్కటే చాలదు, డాక్టరు రాసిన మాత్రలు మానకుండా వేసుకోవాలి. రక్తమివ్వడానికి వెళ్లి "తక్కువుందమ్మా" అనిపించుకున్నా నష్టం లేదు. మన ఒంటి సంగతి మనకి తెలిసినట్టే!

కొనుక్కుంటే దొరకదా?

ఒకప్పుడు రక్తం అమ్ముకుని బతికే వాళ్లుండేవారు. ఆ రక్తంతో రోగాలు వ్యాపిస్తున్నాయని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. 1998 జనవరి 1 నుంచి డబ్బుకి రక్తమివ్వడం నిషేధం. ఇప్పుడు ఆసుపత్రిలో కట్టేది పరీక్షలకీ, నిల్వకీ అయ్యే ఖర్చే. రక్తాన్ని ఏ ఫ్యాక్టరీలోనూ తయారు చేయలేరు. మనిషికి మనిషే ఇవ్వాలి. పోనీ ఒకేసారి బోలెడు సేకరించి దాచుకుందామా అంటే ఎర్రకణాలు 42 రోజులకి మించి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిలవుండవు. అందుకే ఎప్పుడో ఒక పండక్కి శిబిరం పెడితే సరిపోదు. కాలేజీలు మూసే ఎండాకాలంలోనూ ఎవరో ఒకరు ఇస్తూ ఉండాలి. తలసీమియా పిల్లలకైతే నెలకి ఒకటి రెండు సార్లు రక్తం ఎక్కించాల్సిందే. వాళ్లకి సెలవుల్లేవు!

ఈ పని ఆడవాళ్లకి కొత్తేమీ కాదు. మన దేశంలో స్వచ్ఛంద రక్తదానాన్ని ఒక ఉద్యమంగా నడిపిన తొలితరం వాళ్లలో ముంబయికి చెందిన లీలా మూల్గావ్‌కర్ ఒకరు. మన హైదరాబాదులో చిరంజీవి బ్లడ్‌బ్యాంకు 1998లో మొదలయ్యాక ఊరూరా అభిమానులు రక్తమివ్వడం అలవాటు చేసుకున్నారు. అందులో మన వంతెంత?

ఈ వారమే చేయండి

ఇంట్లో అందరి గ్రూపులూ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించండి. నెగటివ్ గ్రూపు వాళ్లుంటే మరీ ముఖ్యం. మన దేశంలో వాళ్లు నూటికి ఐదారుగురే. గుడివాడలోనో, బందరులోనో ఉండే డ్వాక్రా సంఘం, అపార్టుమెంటు, ఆఫీసు... పదిమంది ఆడవాళ్లు కలిసే చోటల్లా ఇలాంటి జాబితా ఒకటి ఉండాలి. పురుటి సంచి సర్దేటప్పుడు రక్తమిచ్చే ఇద్దరి పేర్లు, ఫోన్ నెంబర్లు అందులో పెట్టండి. అందులో ఒక పేరు ఆడమనిషిది కావాలి!

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసుకుపోయింది. మిగిలినవాళ్లని ముఖమైనా తెలియని వాళ్లొచ్చి ఆదుకున్నారు. ఆ కథలు అమ్మమ్మల నోట వింటూ పెరిగిన గడ్డ మనది. ముఖం తెలియని వాళ్లకి సాయం చేయడమెలాగో మనకింకొకరు చెప్పాలా?